చంచల్‌గూడ నుంచి ఊరికి

చంచల్‌గూడ మహిళా జైలు ముందు మీరు నిలబడి ఉన్నారు. 2024 జులై. రాత్రి పడ్డ వానకు రోడ్డంతా తడి. పెద్ద ఇనప గేటులోని చిన్న తలుపు తెరుచుకుని ఒకామె తల వంచుకుని బయటికొస్తుంది. చేతిలో గుడ్డసంచి. అందులో రెండు చీరలు, కాగితాల కవరు, కుట్టుపనికి జైల్లో ఇచ్చిన కూలి డబ్బులు, పదిహేను రోజులకు సరిపడా మాత్రలు. కాగితాల ప్రకారం ఆమె వయసు ముప్పై ఆరు. చూస్తే మీరు యాభైకి దగ్గరనుకుంటారు.

తలుపు దాటిన చోటే ఆమె ఆగిపోతుంది. ఎదురుగా ఆటోలు హారన్లు కొడుతున్నాయి. పక్కనే చాయ్ బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరైనా చెబితే లేవడం, చెబితే నడవడం, చెబితే ఆగడం తొమ్మిదేళ్లుగా ఆమెకు అలవాటు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. "ఇంక పోమ్మా, పోయి మంచిగ బతుకు" అని లోపలి నుంచి వార్డర్ అన్నాక గాని ఆమె కాలు కదలదు.

ఆమె పేరు నేను చెప్పను, ఆమె ఊరి పేరూ చెప్పను. ఈమె ఒక్క మనిషి కాదు. జైలు నుంచి పల్లెకు తిరిగిపోయే ఆడవాళ్ల బతుకుల్లో పదేపదే ఎదురయ్యే సంగతులను ఒక మనిషిగా చేసి, ఆమె పక్కన మిమ్మల్ని నడిపిస్తున్నాను. దారి మాత్రం నిజమైనదే. ఆ దారిలో ఉన్న చట్టాలు, కార్యాలయాలు, ఆసుపత్రులు కూడా నిజమైనవే.

ఆటో ఎక్కుతారు. ఇమ్లీబన్ బస్టాండ్ దగ్గర దిగాక డ్రైవర్ "ఫోన్‌పే ఉందా?" అంటాడు. ఆమె మీ మొహం చూస్తుంది. కవరులోంచి పసుపుపచ్చ నోటు తీసి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. రెండు వందల నోటు 2017లో వచ్చింది. అప్పటికే ఆమె లోపల ఉంది. తిరిగిచ్చిన చిల్లర లెక్క చూసుకోకుండానే పిడికిట్లో పట్టుకుంటుంది.

అచ్చంపేట బస్సులో కిటికీ పక్కన ఆమె, ఆ పక్కన మీరు. బస్సు చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ వైపు తిరిగాక కండక్టర్ వస్తాడు. "ఆధార్ సూపియ్ అక్కా, జీరో టికెట్ కొడ్త." ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదన్న సంగతి ఆమె లోపలే విన్నది. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ములాఖత్‌కు వచ్చినప్పుడు తమ్ముడిచ్చిన కార్డు తీసి చూపిస్తుంది. కండక్టర్ దాన్ని వెలుతురుకు పెట్టి చదువుతాడు. "దీంట్ల ఆంధ్రప్రదేశ్ అని ఉన్నదక్కా. ఇది నడ్వదు. తెలంగాణ అడ్రస్ ఉండాలె."

కార్డు తీసుకున్నప్పుడు ఆమెది ఉమ్మడి రాష్ట్రం. జైలుకు పోయిన 2015లో ఆమె ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో అది నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. ఆమె లేనప్పుడు ఊరి చిరునామాయే మారిపోయింది. ఇదంతా కండక్టర్‌కు చెప్పాలంటే ఇన్నాళ్లూ ఎక్కడున్నదో చెప్పాలి. ఆమె ఏమీ అనకుండా డబ్బులు తీసిస్తుంది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. టికెట్ కొన్న ఆడమనిషి ఆ బస్సులో ఆమె ఒక్కతే.

తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు. కల్వకుర్తి బస్టాండులో బస్సు కాసేపు ఆగుతుంది. ఆమె మీ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నేను బాత్రూముకు పోవచ్చా?" అని అడుగుతుంది. మీరు తెల్లబోతారు. పొమ్మని తలూపుతారు. గంటన్నర నుంచి ఆపుకుని కూర్చుందని అప్పుడు తెలుస్తుంది మీకు. జైలు మనిషికి చేసేది గోడలతో అయిపోదు. చిన్న చిన్న నిర్ణయాలు తీసుకునే శక్తిని ఒక్కొక్కటిగా తీసేస్తుంది. ఆ శక్తి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో పక్కన ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

ఆమె చేసిన నేరం ఏమిటో మీరు అడగలేదు. బస్సు డిండి వైపు పోతుండగా ఆమే చెబుతుంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పెద్దోడికి అయిదేళ్లు. తర్వాత ఆడపిల్ల. కాన్పయినప్పటి నుంచి నిద్ర పట్టేది కాదు. పిల్ల ఏడుస్తుంటే వినబడేది గాని చేతులు లేచేవి కావు. అన్నం సయించలేదు. పొద్దస్తమానం కన్నీళ్లు. "బాలింతకు గట్లనే ఉంటది" అంది అత్త. తాగొచ్చిన భర్త నాటకాలంటూ కొట్టాడు. పాపకు ఏడో నెల వచ్చింది. ఒక రాత్రి, నేను లేకపోతే ఈ పిల్లను ఎవరు చూస్తారు అనుకుని, పిల్లతో కలిసి చనిపోవాలనుకుంది. పాప పోయింది. ఆమెను బతికించారు. ఆసుపత్రి మంచం మీదే కేసు రాసుకున్నారు. కింది కోర్టు జీవిత ఖైదు వేసింది. హైకోర్టులో అది పదేళ్లకు తగ్గింది.

ఇది చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణకదు. ఎన్నోసార్లు వకీళ్లకు, పోలీసులకు, జడ్జిలకు చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయాయి. వణికేది ఆమె కుడిచేయి. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంటుంది.

కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు అరుదైన జబ్బేమీ కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే వందమంది బాలింతల్లో సుమారు 22 మందిలో అది కనిపిస్తుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక అంచనా వచ్చింది. అందులో చాలావరకు మందులతో, మాటలతో నయమయ్యేదే. ఆమెకు ఆ ఏడు నెలల్లో బిడ్డ టీకాల కోసం వచ్చిన సిబ్బంది కనబడ్డారు, బిడ్డ బరువు చూసినవాళ్లు కనబడ్డారు. తల్లి ఎలా ఉందని అడిగినవాళ్లు లేరు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకుండా సంరక్షణ ఇవ్వాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది. అది అమల్లోకి వచ్చింది 2018 మేలో. ఆమెకు అది మూడేళ్లు ఆలస్యం. ముందే వచ్చినా పాప మరణానికి వర్తించదు. ఆ తల్లి జబ్బు మనిషి అన్న మాట ఆమె కేసు కాగితాల్లో ఎక్కడైనా గట్టిగా రాసి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలదు.

జబ్బుకు పేరుందని ఆమెకు మొదటిసారి తెలిసింది జైల్లోనే. వారానికోసారి వచ్చే డాక్టరమ్మ చెప్పింది. రాత్రి మాత్ర మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి నిద్ర వచ్చింది. కుట్టు మిషను మీద కూర్చోగలిగింది. "ఆడ ఎవ్వలు నన్ను తిట్టలే" అంటుంది. ఆ మాట అన్నాక సిగ్గుపడుతుంది. జైలును తలుచుకుని బాధపడుతున్నానా అని తనకే భయం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మీరు చెప్పండి. పక్క పరుపుల మీద పడుకున్న నలుగురు ఆడవాళ్లు తొమ్మిదేళ్లు ఆమెకు చుట్టాలు. ఈ పొద్దున వాళ్లను వదిలి వచ్చింది.

దిగాల్సిన చోట తమ్ముడు బండి మీద కాచుకుని ఉన్నాడు. సంచి అందుకుని, "అక్కా, చెరువు దిక్కు నుంచి పోదాం. హోటల్ కాడ మంది ఉన్నరు" అంటాడు. ప్రేమ ఉన్న మాటే. ఊరు చూడకూడదన్న మాట కూడా అందులో ఉంది. ఆమె రెండూ వింటుంది.

ఇల్లు మారింది. పెంకుల చోట రేకులు వచ్చాయి. వాకిట్లో నల్లా ఉంది. గోడ మీద అమ్మ ఫొటోకు దండ. 2021లో అమ్మ పోయినప్పుడు ఆమె రాలేకపోయింది. మరదలు చెంబుతో నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కో వదినా, బువ్వ తిందువు" అంటుంది. ఆమె చంకలో పదకొండు నెలల పాప. పాప కొత్త మొహాన్ని చూసి చేతులు చాస్తుంది. మీరు ఇక్కడ మరదలి మొహం చూడాలి. ఒక్క క్షణం ఆగి, పాపను రెండో చంకలోకి మార్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ అర్థమైంది.

మరదలిని తప్పుపట్టకండి. ఆమె వయసు ఇరవై నాలుగు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచి వినవచ్చిన కథలో ఆడబిడ్డ అంటే 'బిడ్డను మింగిన మనిషి'. ఆ జబ్బు ఏమిటో, ఇప్పుడు ఎంతవరకు నయమైందో, పాపను దగ్గరికి ఇవ్వొచ్చో లేదో ఆ ఇంట్లో ఎవరికీ ఏ డాక్టరూ చెప్పలేదు. విడుదలకు ముందు ఒక్కసారి తమ్ముణ్ని, మరదలిని పిలిచి అరగంట మాట్లాడి ఉంటే ఆ చంక మారేది కాదేమో. విడుదలయ్యే మనిషికి ఇచ్చే ఆసరాలో సగం ఆమెను తీసుకునే ఇంటికి ఇవ్వాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

రాత్రి. ఇంట్లో అందరూ పడుకున్నారు. దీపం తీసేశారు. ఆమె కళ్లు తెరుచుకుని ఉంది. బారక్‌లో రాత్రంతా లైటు వెలిగేది. ఎవరో దగ్గేవారు, ఎవరో కలవరించేవారు. ఇక్కడ చీకటి, కీచురాళ్లు. ఆ చీకట్లోనే పాత రాత్రి తిరిగి వస్తుంది. లేచి కూర్చుని మోకాళ్లు పట్టుకుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి పక్కబట్టలు మడతపెట్టి, తలుపు పక్కన నిలబడి ఉంటుంది, లెక్కకు నిలబడినట్టు. నీళ్లకు లేచిన తమ్ముడు చూసి ఉలిక్కిపడతాడు. తలుపుకు గడియ లేదు. తెరుచుకుని బయటికి పోవచ్చు. ఆమె పోదు.

తర్వాతి రోజులు ఒకదానిలాగే ఒకటి గడుస్తాయి. అన్నం నాలుగు నిమిషాల్లో తినేసి పళ్లెం కడిగి బోర్లిస్తుంది. ఏం కూర వండుదామని మరదలు అడిగితే జవాబు రాదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు వచ్చి చేయిపట్టుకుని ఏడ్చి పోతారు. మిగతావాళ్లు గోడల మీంచి చూస్తారు. రేషన్ కార్డులో పేరు లేదు. ఉపాధి హామీ జాబ్ కార్డులో పేరు లేదు. మహిళా సంఘంలో తొమ్మిదేళ్ల కిందటి అప్పు మాత్రం పేరు మీద ఉంది.

పదహారో రోజు మాత్రలు అయిపోతాయి.

ఇలాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే తల తిరుగుతుంది, ఒళ్లు జివ్వుమంటుంది, నిద్ర పట్టదు. వెనక జబ్బు మళ్లీ తల ఎత్తుతుంది. ఆమెకు ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పినా కొత్త మాత్రలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. నాలుగు రోజుల్లో మంచం దిగడం మానేస్తుంది. అయిదో రోజు నాకెందుకు ఈ బతుకు అంటుంది. ఇంటివాళ్లు భయపడతారు. గాలి సోకిందని ఒకరు, పాప ఆత్మ పట్టిందని ఒకరు. తమ్ముడు బండి మాట్లాడుకుని జహంగీర్‌పీర్ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించుకొస్తాడు. చేతిలో ఉన్న దారి అదొక్కటే అయినప్పుడు మనిషి ఆ దారే పడతాడు. దర్గాకు పోవడంలో తప్పు లేదు, దానితో మాత్రలు రావు.

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం చూడండి. ఈమె శిక్ష పూర్తిచేసుకుని వచ్చింది. ముందస్తుగా విడుదలైనవాళ్లు వేరే ఉన్నారు. అదే 2024 జులై మొదట్లో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను విడుదల చేసింది. వాళ్లలో 35 మంది ఆడవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో జీవిత ఖైదు పడిన 53 మంది మహిళల విడుదలకు ఉత్తర్వులు వచ్చాయి. ఇలాంటి ఉత్తర్వుల్లో షరతులు ఉంటాయి. మంచి నడతకు పూచీకత్తు రాసివ్వాలి. శిక్షాకాలం ముగిసేదాకా మూడు నెలలకోసారి పోలీసు స్టేషన్లోనో ప్రొబేషన్ అధికారి దగ్గరో కనబడాలి. ఆ మనిషి మళ్లీ నేరం చేస్తుందేమోనన్న భయానికి ప్రభుత్వం దగ్గర ఒక ఏర్పాటు ఉంది. ఆ మనిషి తనకు తాను హాని చేసుకుంటుందేమోనన్న భయానికి ఏర్పాటు లేదు. స్టేషన్‌కు కబురు పోతుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోదు. శిక్ష పూర్తిచేసుకుని వచ్చిన ఈమెలాంటి వాళ్ల సంగతి అంతకన్నా వెలితి. ఆమెను ఎవరూ ఎవరికీ అప్పగించలేదు.

చట్టాలు లేక కాదు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం పెట్టాలని 2017 చట్టంలోని 103వ సెక్షన్ చెబుతుంది. ఖైదీ స్త్రీల గురించి ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాల్లో 47వది సూటిగా ఇదే విషయం మీద ఉంది. విడుదలైన తర్వాత మానసిక, వైద్య, న్యాయపరమైన సాయం అవసరమైన స్త్రీలకు ఆ సాయం అదనంగా అందించాలని దాని సారం. జైలు గోడ లోపల వైద్యం ఒక శాఖ చూస్తుంది, గోడ బయట ఇంకో శాఖ. ఆ రెండింటి మధ్య ఉన్న జాగా పేరే పదహారో రోజు.

ఇంకొక సంగతి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో మహిళలు 23,772 మంది. నూటికి నలుగురు. తక్కువమంది గనక వాళ్ల కోసం ప్రత్యేకంగా పథకం ఎందుకన్నది అధికారుల దగ్గర వినబడే వాదన. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఒక జిల్లాకు ఏడాదిలో తిరిగొచ్చే ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అంత కొద్దిమంది వెంట ఒక్కొక్కరికి ఒక మనిషిని నడిపించడం చేతకాని పనేమీ కాదు.

మళ్లీ ఆ ఇంటికి రండి. తాయెత్తు కట్టిన ఒకటి రెండు రోజులకు, పొద్దున పూట ఆశా కార్యకర్త వాకిట్లోకి వస్తుంది. వచ్చింది మరదలి పాప కోసం. ఆమె పుస్తకంలో గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారు. జైలు నుంచి వచ్చినవాళ్లకు అందులో గడి లేదు. పాపను చూసి లేస్తూ లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని చూస్తుంది. వెళ్లిపోవచ్చు, ఇంకా పదమూడు ఇళ్లు తిరగాలి. మంచం పక్కన నేల మీద కూర్చుంటుంది.

"అక్కా, నిద్ర పడ్తుందా?"

జవాబు లేదు.

"ఎన్ని రోజులాయె?"

చాలాసేపటికి తలగడ కింద నుంచి ఒక చేయి వస్తుంది. అందులో ఖాళీ అయిపోయిన మాత్రల అట్ట. "ఇవి ఒడిసినయ్" అంటుంది ఆమె. తొమ్మిదేళ్లలో ఏది ఎవరికి అప్పజెప్పాల్సి వస్తుందో తెలియక దేన్నీ పారేయకుండా ఉంచుకోవడం అలవాటు. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

ఆశా తన ఫోను తీసి 14416 నొక్కుతుంది. టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. గదిలో సిగ్నల్ లేదు. ఇద్దరూ వాకిలి మెట్ల మీద కూర్చుంటారు. మీరు కింద మెట్టు మీద ఉన్నారు. అవతలి గొంతు తొందరపడదు. పేరు అడగదు ముందు. ఎలా ఉన్నారు, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడుగుతుంది. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. నేరుగా అడగడమే చాలాసార్లు మనిషికి ఊపిరి ఆడేలా చేస్తుంది. ఆమె "అనిపిస్తది" అంటుంది. అన్నాక ఏడుస్తుంది. వచ్చిన తర్వాత ఏడవడం అదే మొదటిసారి. ఈ పూట ఆమెను ఒంటరిగా వదలవద్దని, రేపే ఆసుపత్రికి తీసుకురమ్మని అవతలివాళ్లు ఆశాకు చెబుతారు. ఆ రాత్రి మరదలు పాపతో సహా వచ్చి ఆమె గదిలోనే చాప వేసుకుంటుంది. లైటు తీయదు.

మర్నాడు నాగర్‌కర్నూల్ బస్సు. ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో వచ్చింది గనక మానసిక వైద్యుడి కోసం హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు. ఓపీ చీటీ, వరుస, బెంచీ. డాక్టరు ఇంతకుముందు వైద్యం కాగితాలు అడుగుతాడు. ఆమె కవరు ముందుకు తోస్తుంది. అందులో విడుదల సర్టిఫికెట్ ఉంది, నేరం సెక్షన్ ఉంది, శిక్ష ఎన్నాళ్లో ఉంది. తొమ్మిదేళ్లు ఆమెకు ఏ జబ్బుకు ఏ మందు ఎంత ఇచ్చారో చెప్పే ముక్క లేదు. చివరికి ఆశా ఆ ఖాళీ అట్ట బల్ల మీద పెడుతుంది. డాక్టరు అంచున మిగిలిన అక్షరాలు కళ్లజోడు పైకెత్తి చదివి, అదే మాత్ర మళ్లీ రాస్తాడు. తమ్ముణ్ని లోపలికి పిలిచి పది నిమిషాలు మాట్లాడతాడు. ఇది కుంగుబాటు, దయ్యం కాదు. మందు తప్పకుండా వేసుకుంటే మీ పాపను ఎత్తుకోవచ్చు, మొదట్లో మీరు పక్కన ఉండండి. ఆ మాటలు తమ్ముడు ఇంటికి మోసుకుపోతాడు.

మందు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆగస్టు వెళ్లిపోతుంది. ఆ వారాల గురించి చెప్పేది ఎక్కువ లేదు. ఆశా రెండు రోజులకోసారి వాకిట్లో ఆగి ఒక మాట అడిగి పోతుంది, అంతే. ఆ ఒక్క మాటే వైద్యంలో సగమని నేను నమ్ముతాను. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో 'ఆత్మీయత' అనే కార్యక్రమం దీన్నే పద్ధతిగా చేసింది. ఊళ్లో మనుషులకే శిక్షణ ఇచ్చి, దిగులుగా ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని వినడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి, పింఛను కార్యాలయానికి వెంటబెట్టుకు పోవడం నేర్పింది. తెలంగాణ పల్లెల్లో అంతకన్నా బలమైన పునాది ఉంది. ప్రతి ఊళ్లో మహిళా సంఘాలున్నాయి, వాటి మీద గ్రామ సంఘం ఉంది. అప్పుల కిస్తీలు అడగడానికి ఇల్లిల్లూ తిరిగే ఆ కాళ్లకు ఈ పని కొత్త బరువు కాదు.

సంఘం మీటింగుకు మిమ్మల్ని తీసుకుపోతాను. పదకొండు మంది చాప మీద కూర్చున్నారు. పాత అప్పు సంగతి వచ్చింది. ఒకామె "గామెను మల్ల తీసుకుంటే రేపు ఎవలు జవాబు?" అంటుంది. ఇంకొకామె తల దించుకుని, తనకూ రెండో కాన్పప్పుడు అట్లనే అయిందని, తన అమ్మ దగ్గర ఉండబట్టి బతికానని చెబుతుంది. ఆ మాట ఊళ్లో ఇన్నేళ్లలో ఎవరూ బయటికి అనలేదు. కాసేపు ఎవరూ ఏమీ అనరు. నాయకురాలు లెక్కల పుస్తకం తెరిచి, "నెలకు నూరు రూపాయలు పొదుపు కట్టమని చెప్పున్రి, అప్పు వెనక చూద్దాం" అంటుంది.

పత్తి చేలో కలుపు. ఆమె గుంపుతో రావడం ఇదే మొదలు. మిగతావాళ్లు సాళ్లు పంచుకున్నారు. ఆమె గట్టు మీద నిలబడి ఉంది, ఎవరైనా చెబుతారేమోనని. ఒక ముసలామె వంగిన నడుముతోనే తలెత్తి, "ఏం బిడ్డా, నిలవడితే కైకిలి ఎవలిస్తరు? నా పక్క సాలు పట్టు" అంటుంది. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఆ ముసలామె తన తొక్కు ఆమె పళ్లెంలో వేస్తుంది. మిగిలినవాళ్లలో ఇద్దరు ఇంకా దూరంగానే కూర్చున్నారు. అలాగే కూర్చుంటారు, బహుశా ఎప్పటికీ. ఊరంతా క్షమించాలని ఎదురుచూస్తే ఎవరూ బతకలేరు. పక్క సాలు మనిషి ఒకరుంటే రేపటి పనికి రావచ్చు.

కొడుకు గురుకులంలో తొమ్మిదో తరగతి. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం తమ్ముడు ఆమెను బండి మీద తీసుకుపోతాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు జరుపుతాడు. పేరు, ఊరు, విద్యార్థికి ఏమవుతారు. ఆమె పెన్ను పట్టుకుని ఆగిపోతుంది. తొమ్మిదేళ్లు అలాంటి రిజిస్టరుకు అవతలి పక్క ఉన్న మనిషి. మీరు ఆ పెన్ను వైపే చూస్తుంటారు. తమ్ముడు నోరు తెరవబోయేలోగా ఆమే రాస్తుంది, తల్లి అని. చెట్టుకింద సిమెంటు అరుగు మీద పిల్లవాడు అర గజం దూరంలో కూర్చుంటాడు. మీసం మొలుస్తోంది. మురుకుల పొట్లం తీసుకుంటాడు. అమ్మా అని పిలవడు. లేచిపోయేముందు "మల్ల వస్తవా?" అని అడుగుతాడు. ఆమె వస్తనంటుంది. చెల్లెలి సంగతి వాడు ఒకరోజు అడుగుతాడు. ఆరోజు ఏం చెప్పాలో ఆమెకూ, వినడానికి వాడికీ ఎవరో ఒకరు ముందుగా సాయపడాలి. ఆ పని టెలిఫోనులో అయ్యేది కాదు. జిల్లా ఆసుపత్రిలో మాట్లాడేవాళ్లు ఉండాలి, నెలనెలా ఉండాలి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశం అదే.

ఈ కథలో ఆమె బతికింది ఒక ఆశా కార్యకర్త నేల మీద కూర్చున్నందువల్ల, ఒక ఖాళీ అట్ట తలగడ కింద మిగిలినందువల్ల. ఈ రెండూ ఎవరి ఉద్యోగ ధర్మంలోనూ రాసి లేవు. రాయాలని అడుగుతున్నాను. జైలు నుంచి పంపేటప్పుడు విడుదల సర్టిఫికెట్‌తో పాటు ఒక వైద్యం చీటీ ఇవ్వాలి: జబ్బు, మందు, మోతాదు, చివరిసారి చూసిన డాక్టరు. పదిహేను రోజులకు బదులు రెండు నెలల మాత్రలు ఇవ్వాలి. ఆమె అనుమతి తీసుకుని ఆమె మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారం ముందే ఫోన్ చేయాలి. ఆశా పుస్తకంలో ఆమెకు ఒక గడి ఉండాలి, అందులో నేరం రాయనక్కర్లేదు. చిరునామా మారిన కార్డులను జైల్లోనే సరిచేయించాలి. జైళ్ల శాఖ, వైద్య ఆరోగ్య శాఖ కలిసి కూర్చుని ఒక ఉత్తర్వు ఇస్తే ఇవన్నీ అవుతాయి. కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

అది వచ్చేలోగా మీ ఊరికి ఇలా ఎవరైనా తిరిగివస్తే, మొదటి పదిహేను రోజుల్లోనే ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. కేసు సంగతి అడగవద్దు. నిద్ర పడుతోందా, మాత్రలు ఉన్నాయా అని అడగండి. లేవంటే 14416కు ఫోన్ కలిపి ఆమె చేతికి ఇవ్వండి.